చెర, చెరపట్టినవాడు, రావలసినవాడు

(పినపాకలో చేసిన స్మారకోపన్యాసము)



ఎవరి స్మృత్యర్థము మనమిచట చేరితిమో ఆయన ఈ గూడెములలో చిరకాలము బడిపంతులుగా నుండినవారు. తన పేరు బండపై చెక్కింపవద్దనియు, సభలలో చదువవద్దనియు ఆయన ఇంటివారితో చెప్పియుండిరట. పేరెత్తకుండ స్మారకోపన్యాసము చేయుట కొంత విడ్డూరమే యైనను ఆ కోరికను నేనును మన్నించుచున్నాను. కాని నేటి ప్రసంగమునకు ఆధారమైన సంగతి యొకటి మాత్రము చెప్పక తప్పదు. ఏజెన్సీ పల్లెలలో పనిచేసిన పంతుళ్ళలో చాలమందివలెనే ఆయనయు, రాత్రి వచ్చినవారికి అన్నము పెట్టినందుకు పగలు వచ్చినవారికిని, పగలు వచ్చినవారికి మంచినీళ్ళిచ్చినందుకు రాత్రి వచ్చినవారికిని సంజాయిషీ చెప్పుకొనుచు కాలము గడపిరి. ఆయనను ఎవ్వరును అపహరింపలేదు; కాళ్ళకు గాని చేతులకు గాని ఎవ్వరును త్రాడు కట్టలేదు. అయినను బందీ మనస్సెట్టిదో పుస్తకములు చదివినవారికంటె ఆయనకే బాగుగ తెలిసియుండునని నా నమ్మకము.

బందీకిని, బంధించినవానికిని నడుమ ఏర్పడు చిత్తవృత్తులనుగూర్చి నేడు పత్రికలలో ఒక మాట నలిగి నలిగి అరిగిపోయినది. చెరలోనున్నవానికి చెరపట్టినవానిపై మమకారము పుట్టునట. తన్ను విడిపింపవచ్చినవానిపై ద్వేషము పుట్టునట. ఇది యొక వ్యాధియట. దాని పేరు స్టాక్‌హోమ్ సిండ్రోమ్ అట. ఏ అధికారి అడవినుండి విడుదలై వచ్చి, తన్ను పట్టుకొనినవారినిగూర్చి ఒక్క మెత్తని మాట పలికినను, మరునాటి టీవీ చర్చలో ఎవరో యొకరు ఈ పేరును వల్లించుట పరిపాటియైనది. ఇందులో నిజమేమియు లేదని నేననను. కాని ఈ మాట బందీని, అపహర్తను మాత్రమే చూచి, మూడవవానిని చూడక విడిచినదని చెప్పుటకే నేనిచటికి వచ్చితిని. ఆ మూడవవాడు, చెర విడిపింప రావలసినవాడు. బందీయొక్క మనస్సు చెరపట్టినవానిచుట్టు తిరుగుచున్నట్లు పైకి కనబడునుగాని, నిజమునకది రావలసినవాని దారికాచి కూర్చుండును.

ముందు మూలకథను చూతము. 1973 ఆగస్టు 23న స్వీడన్ రాజధానియగు స్టాక్‌హోమ్ నగరములో, నార్మల్మ్‌స్టోర్గ్ అను కూడలియందలి బ్యాంకులోనికి యాన్-ఎరిక్ ఓల్సన్ అనువాడు తుపాకితో చొరబడి, అచటి ఉద్యోగులను నలుగురిని, ముగ్గురు స్త్రీలను ఒక పురుషుని, నిర్బంధించి, 30 లక్షల క్రోనారుల ధనమును, కారాగారముననున్న తన స్నేహితుడు క్లార్క్ ఓలోఫ్సన్‌ను తెచ్చి యిమ్మని పట్టుపట్టెను. ప్రభుత్వము ఓలోఫ్సన్‌ను తెచ్చి లోనికి పంపెను. బందీలును దొంగలును బ్యాంకు ఖజానా గదిలో ఆరుదినములు గడపిరి. పోలీసులు గది పైకప్పునకు రంధ్రములు తొలిచి, ఆగస్టు 28న బాష్పవాయువును వదలి దొంగలను లొంగదీసిరి. వెలుపలికి ముందుగా రమ్మనినప్పుడు బందీలు రామనిరి, తాము ముందు పోయినచో వెనుకనున్నవారిని పోలీసులు కాల్చివేయుదురని వారికి భయము.

ఆ గదిలో జరిగినదొకటి నాకు ఎన్నడును మరపురాదు. పోలీసులను బెదరించుటకై ఓల్సన్ ఆ పురుషోద్యోగితో, నిన్ను కాల్చెదను, అయితే కాలిపై మాత్రమే కాల్చెదను అని చెప్పెనట. ఆ మాట విన్నప్పుడు, కాలిపై మాత్రమే కదా, ఇతడెంత దయగలవాడు అని తనకు తోచినదని ఆ బందీ తరువాత చెప్పుకొనెను. ఇది వినినవారు నవ్వుదురు. నవ్వదగినది కాదు. అంతకు ముందు క్షణమువరకు ప్రాణము పోవుననుకొనిన మనిషికి కాలు మాత్రమే పోవుట లాభము. అన్నము, నీరు, నిద్ర, మలమూత్రవిసర్జనకు అనుమతి, ఇవియన్నియు ఒక్కని చేతిలోనికి పోయినప్పుడు ఎదిగిన మనిషి పసిబిడ్డయగును. పసిబిడ్డకు అన్నము పెట్టు చేయియే లోకము. మండువేసవిలో వాగెండిపోయి, ఇసుకలో తీసిన చెలమనుండి ఊరిన గుక్కెడు నీరు అమృతమైనట్లే, చంపగలవాడు చంపకుండుటయే మహోపకారమై తోచును. దీనికి ప్రేమయని పేరు పెట్టుట తొందరపాటు. ప్రాణము తన్ను తాను కాపాడుకొనుటకు పన్నిన ఉపాయమిది. చెరపట్టినవాని ముఖకవళికలను గంటగంటకు చదువుచు, వాని కోపము ఎప్పుడు చల్లారునో, ఎప్పుడు రేగునో కనిపెట్టుచుండిన మనస్సు క్రమముగ వాని చూపుతోనే లోకమును చూడ నేర్చుకొనును. ఎదుటివాని మనస్సులో దూరవలసిన అవసరము బలహీనునికే యుండును. బలవంతునకు ఆ శ్రమ యేల?

పోలీసులకు సలహాదారుగా అప్పుడున్న నీల్స్ బెయెరోట్ అను మనోవైద్యుడు దీనిని వ్యాధిగా వర్ణించెను. ఆ తరువాత అమెరికాలో ఫ్రాంక్ ఓక్‌బర్గ్ అను వైద్యుడు దీనికి మూడు లక్షణములను చెప్పెను: బందీకి అపహర్తపై సానుభూతి కలుగుట, బయటి అధికారులపై విముఖత కలుగుట, అపహర్తకు తిరిగి బందీపై సానుభూతి కలుగుట. ఇందు నడిమిదానిని గమనింపుడు. ఆ ముగ్గురు స్త్రీలలో ఒకామె ఖజానా గదినుండి ప్రధాని ఓలోఫ్ పాల్మేతో ఫోనులో మాట్లాడి, దొంగలతోడనే తమ్ము బయటికి పోనిమ్మని బతిమాలెను, ప్రధాని ఒప్పుకొనలేదు. తుపాకి పట్టినవానికంటె తుపాకులు పట్టి గోడ కావల నిలిచినవారే తమ ప్రాణములకు ముప్పు తెచ్చుచున్నారని ఆమె వాదము. తమ పైకప్పునకు రంధ్రములు తొలుచువారినిగూర్చి ఆమె అట్లనుకొనుటలో తర్కము లేదని యెవరనగలరు? బెయెరోట్ తనతో ఒక్కమాటైన మాట్లాడకయే తనకు రోగమంటగట్టెనని ఆమె తరువాతి కాలమున నిష్ఠురమాడినది. పోలీసులను తప్పుపట్టుటయే రోగలక్షణమైనచో, పోలీసుల సలహాదారు రోగనిర్ణయము చేయుట వింతలలో వింత. అమెరికా మనోవైద్య సంఘమువారి రోగనిర్ణయ గ్రంథములో ఈ వ్యాధికి నేటికిని స్థానము లేదు. పత్రికలలో మాత్రము కలదు.

ఇక మన యెడకు వత్తము. ఇచటికి క్రోసుల దూరముననే భద్రాచలముండగా బందీ మనస్సును తెలిసికొనుటకు స్వీడన్ పోవలసిన పనిలేదు. పాల్వంచ పరగణాకు తహశీల్దారగు కంచెర్ల గోపన్న ప్రభుత్వపు సొమ్ముతో రామాలయము కట్టించి, గోలకొండ చెరసాలలో పన్నెండేండ్లు మ్రగ్గెనని మన పెద్దలు చెప్పుదురు. ఆయన చెరసాలనుండి పాడిన కీర్తనలనిచట పసిపిల్లలైనను ఎరుగుదురు. ఆ కీర్తనలలో ఆయన తిట్టినదెవరిని? గోలకొండ సుల్తానగు తానీషాను కాదు, కొరడాలతో కొట్టిన భటులను కాదు. రాముని తిట్టెను. రామునికి చేయించిన నగల లెక్కలను ఒక్కొక్కటిగ ఒప్పజెప్పి తిట్టెను, పిదప నొచ్చుకొని క్షమింపుమనెను, మరల తిట్టెను. సీతమ్మతో సిఫారసు చేయించుకొనెను. శత్రువుపై కోపమునకు గడువుండదు, అతడెట్లున్నను శత్రువే. రావలసినవాడు రాకుండుటయే బందీ గుండెలో రాత్రింబవళ్ళు తొలుచు పురుగు. మనము భక్తియని పాడుకొనుచున్న ఆ నిందాస్తుతులలో, స్టాక్‌హోమ్ ఖజానాగదిలోని ఫోనుసంభాషణ యంతయు ముందే యున్నదని నాకు తోచును. తానీషాయగు అబుల్ హసన్, 1687లో గోలకొండ ఔరంగజేబు వశమైన పిమ్మట, తానును దౌలతాబాదు కోటలో బందీయై అచటనే మరణించెను. అతని కొరకు రావలసినవా రెవ్వరును లేరు. అందుచేత కాబోలు పాటలును లేవు.

నది కావల పర్ణశాలకు పోయినవారికి, సీతను రావణుడెత్తుకొనిపోయిన చోటిదియని చూపుదురు. చరిత్రకారులు దానినొప్పుకొందురో లేదో నాకక్కరలేదు; అపహరణ కథను మన తీరవాసులు తమ యింటి కథగా భావించిరనుటయే నాకు కావలసినది. సుందరకాండలోని సీత, అపహర్తతో మాట్లాడక తప్పనప్పుడు, నడుమ గడ్డిపరకను పెట్టి మాట్లాడెను. మాట మానలేదు, హితమును చెప్పకపోలేదు, రామునితో మైత్రి చేసికొనుమని సలహా కూడ నిచ్చెను. కాని పరకను తీయలేదు. బందీగా పడియున్నవారు తమ స్వత్వమును నిలుపుకొనుటకు ఇట్టిదొక పరకను ఏర్పరచుకొందురు: ఒకడు రోజులు లెక్కపెట్టును, ఒకడు గడ్డము గీసికొననిమ్మని పట్టుపట్టును, ఒకడు వారడిగిన ప్రశ్నలకు కార్యాలయములో ఇచ్చినట్లే సమాధానములిచ్చును.

అదే కాండలో త్రిజట యను కావలికత్తె కలదు. చెరపట్టినవారి పక్షముననుండియు బందీపై దయ చూపినది కనుక మనకామెపై గౌరవము. కాని త్రిజట దయకు ముందు ఆమెకొక కల వచ్చెనని మరువరాదు: లంక ఓడినట్లు, రాముడు గెలిచినట్లు. రేపు ఈమె కాళ్ళే మనము పట్టుకొనవలసివచ్చును, ఇప్పుడే క్షమాపణ కోరుకొనుడని తోడి రాక్షసులతో ఆమె యనును. అపహర్త దయలో ఇంత లౌక్యముండునని ఆదికవి ఎరుగును. ఇక యుద్ధము ముగిసిన పిదప, ఈ కావలికత్తెలను శిక్షింతునా యని హనుమంతుడడిగినప్పుడు, వీరు రాజు చెప్పిన పని చేసిన దాసీలు, వీరి తప్పేమి యని సీత వారించెను. దీనిని మనము కరుణ యందుము. నేటి టీవీ చర్చలో నైనచో ఆమెకును ఆ స్వీడన్ రోగమే యంటగట్టియుందురు. రావలసినవాడు రానే వచ్చెను. వచ్చి, తొలిమాటగా అనుమానమును పలికెను. భద్రాద్రిరాముని సన్నిధికింత దగ్గరగా నిలిచి నేనీ మాటనుట అపచారమని ఎవరైన తలంచినచో, ఆ ఘట్టమును చదువునప్పుడు కన్నీరు పెట్టని రామభక్తుడు లేడని మనవి చేయుచున్నాను. విడుదలైవచ్చిన బందీని తనవారే అనుమానించుట నాటినుండియు ఉన్నది. ఆనాడు దానికి అగ్నిని వాడిరి. ఈనాడు మనోవిజ్ఞానమును వాడుచున్నాము.

ఇప్పుడు మన కాలపు సంగతులు. 1987 డిసెంబరు చివర తూర్పుగోదావరి ఏజెన్సీలోని గుర్తేడు వద్ద, గిరిజన ప్రాంత పర్యటనలోనున్న ఐ.ఏ.ఎస్. అధికారులను పీపుల్స్‌వార్ దళము నిర్బంధించెను. బందీలలో సాంఘిక సంక్షేమశాఖకు పెద్ద అధికారియగు ఎస్.ఆర్. శంకరన్ ఉండిరి. రాజమండ్రి జైలులోనున్న తమ సహచరులను విడువవలెనని దళము కోరెను, ఎన్.టి. రామారావు ప్రభుత్వము ఒప్పుకొనెను. బందీలు క్షేమముగ తిరిగి వచ్చిరి. శంకరన్ 1992లో పదవీ విరమణ చేసి, 1997లో పౌరస్పందన వేదికను ఏర్పరచి, ఇటు ప్రభుత్వపు ఎన్‌కౌంటర్లను, అటు నక్సలైట్ల హత్యలను సమానముగ ప్రశ్నించుచు, 2004 అక్టోబరులో హైదరాబాదులో జరిగిన శాంతిచర్చలకు కారకులలో ముఖ్యులైరి. 2010 అక్టోబరులో మరణించిరి.

ఈ జీవితమును వెనుకనుండి ముందునకు చదువువాడు, చూచితిరా, చెరలో ఆయన మనస్సు మారినది, తన్ను పట్టుకొనినవారితో మాట్లాడవలెనను బుద్ధి అచటనే పుట్టినది యనును. ముందునుండి చదువుడు. వెట్టిచాకిరి నిర్మూలన చట్టము 1976లో వచ్చినప్పుడు, దానిని కాగితముమీద నిలువనీయక, తెలంగాణ పల్లెలలో దొరల యిండ్ల పాలేర్లవద్దకు అధికారులను నడిపించినది ఈ శంకరనే. గిరిజనునికి భూమి కావలెనని ఆయన గుర్తేడులో నేర్చుకొనలేదు. ఆ పనిమీదనే గుర్తేడు పోయి చిక్కుకొనెను. చెర మనిషిని క్రొత్తగ తయారుచేయునని సిద్ధాంతము చేయువారు, చెరకు ముందు ఆ మనిషికొక జీవితముండెనని మరతురు. నా వాదములో ఇది ముఖ్యమని అనుకొనుచున్నాను కనుక ఇంకొక దృష్టాంతమిచ్చెదను. 1993లో విశాఖ మన్యమున చింతపల్లి శాసనసభ్యుడు పసుపులేటి బాలరాజు దళమువారికి బందీయై విడుదలయ్యెను. ఆయనయే తరువాతి కాలమున రాష్ట్రమునకు గిరిజన సంక్షేమ మంత్రియయ్యెను. ఆయన గిరిజనుడై పుట్టుటకు కారణము కిడ్నాపు కాదు గదా!

అపహర్త మనస్సును చూడక బందీ మనస్సును మాత్రమే చూచుట ఒంటిచక్రపు బండి నడపుట. మన అడవులలో అపహర్తయనగా ఎవరు? నాయకుడు బయటి చదువులు చదివినవాడైనను, రాత్రి తుపాకి పట్టుకొని బందీ ప్రక్కన కావలి కూర్చుండునది ఇరువదేండ్లు నిండని కోయ పిల్లవాడో, పిల్లయో. కలెక్టరనువానిని వాడెన్నడును దగ్గరగ చూచి యెరుగడు. చూచినను చేతులు కట్టుకొని నిలిచియుండును. ఇప్పుడా కలెక్టరు వానియెదుట తాటియాకు చాపపై కూర్చుండి, వాడు వండిన అన్నమునే, వాడు తెచ్చిన చారుతోనే తినుచు, దోమలచే కుట్టించుకొనుచు, చెప్పులు లేక ముల్లు గ్రుచ్చుకొని కుంటుచున్నాడు. ప్రభుత్వమను భూతమునకు ముల్లు గుచ్చుకొనునని వానికదివరకు తెలియదు. ఇట్లు తెలియుటయే ప్రమాదము, వాని నాయకునికి. అందుచేతనే కావలివారిని తరచు మార్చుచుందురు, బందీతో ఎక్కువ మాట్లాడవద్దని కట్టడి చేయుదురు. పెరూ దేశపు లిమా నగరమున 1996 డిసెంబరులో జపాను రాయబారి భవనమును పట్టుకొనిన తుపాక్ అమారు తిరుగుబాటుదారులు వందలకొలది బందీలను పట్టి, కొలదిదినములకే చాలమందిని వదలివేసిరి. 1997 ఏప్రిల్‌లో సైన్యము లోపలికి దూకినప్పుడు, ఒక పిల్లవాడు తమపై తుపాకి యెక్కుపెట్టియు కాల్చలేక దించెనని బ్రతికిన బందీలలో కొందరు చెప్పిరి. తిరుగుబాటుదారులలో ఒక్కరును మిగులలేదు.

అయితే దయను చూచి మోసపోరాదు. 1999 డిసెంబరులో కాందహారునకు మరలింపబడిన విమానములో ఒక హైజాకరు ప్రయాణికులచే అంత్యాక్షరి ఆడించెను. అదే విమానములో, ఆ ముఠాయే, పెండ్లియై కొలదిదినములే గడచిన యువకుని పొడిచి చంపెను. ఇది యొక చేయి, అది యొక చేయి కాదు; ఒకే చేయి. అపహరణమునకు ఏ ఆదర్శము పేరు పెట్టినను, బ్రతుకుటకు వెల కట్టి మనిషిని సంతలో నిలుపుటయే అది. ఆ విషయమున నాకు రెండభిప్రాయములు లేవు.

మల్కన్‌గిరి మన శబరి కావల జిల్లా. 2011 ఫిబ్రవరి 16న అచటి కలెక్టరు ఆర్. వినీల్ కృష్ణను, మన తెలుగు యువకుని, బలిమెల జలాశయమునకు వెనుకనున్న చిత్రకొండ ప్రాంతములో పల్లెలకు కరెంటు విషయమై పోయినప్పుడు, ఒక జూనియరు ఇంజనీరుతో కూడ మావోయిస్టులు పట్టుకొనిరి. అదే బలిమెల నీటిపై 2008 జూన్‌లో పడవలో పోవుచున్న గ్రేహౌండ్స్ బలగములపై దాడి జరిగి 38 మంది మరణించియుండుట చేత, ఆ పేరు వినగానే ఆంధ్రదేశమున చాల యిండ్లలో గుండెలు జారెను. 14 కోరికల పట్టిక వచ్చెను. ఆచార్య హరగోపాల్, ఆచార్య సోమేశ్వరరావు, దండపాణి మొహంతి మధ్యవర్తులైరి. ఇంజనీరు 23న, కలెక్టరు 24న విడుదలైరి. రక్షకభటులు లేకుండ ఊళ్ళు తిరుగు అలవాటుగల ఆ కలెక్టరును విడువుడని గిరిజనులే ఊరేగింపులు తీసిరి. ఇందు నాకు విశేషముగ కనబడునది, బందీకి అపహర్తతో ఏర్పడిన సంబంధము కాదు. బందీకి అంతకుముందే ఊళ్ళతోనున్న సంబంధము అపహర్తపై ఒత్తిడియై పనిచేయుట. దళమునకు ఊరే ఆధారము. ఊరు ముఖము చిట్లించినచో దళము వినక తప్పదు.

మరుసటి సంవత్సరము సుక్మాలో ఇంత సుళువు కాలేదు. చింతూరు దాటి కుంట మీదుగ పోయినచో ఆ జిల్లాయే. 2012 ఏప్రిల్ 21న మాఝీపారా అను పల్లెలో సభ జరుగుచుండగ, కలెక్టరు అలెక్స్ పాల్ మేనన్ అంగరక్షకులను ఇద్దరిని మావోయిస్టులు అక్కడికక్కడే కాల్చిచంపి, ఆయనను కొనిపోయిరి. ఆయనకు ఉబ్బసము కలదు. మందులు లేక ఏమగునోయని లోకమంతయు ఆందోళనపడుచుండగ, సి.పి.ఐ. నాయకుడు, ఆదివాసి మహాసభకు పెద్దయగు మనీష్ కుంజాం మందుల సంచి పట్టుకొని అడవిలోనికి పోయెను. ఆ కుంజామునకు మావోయిస్టులతో పొసగలేదు, వారికి వ్యతిరేకముగ పుట్టిన సల్వాజుడుంతో అసలే పొసగలేదు; అయినను మావోయిస్టులు దారి విడిచిరి. ఇటు మావోయిస్టుల పక్షమున బి.డి. శర్మ, హరగోపాల్, అటు ప్రభుత్వ పక్షమున నిర్మలా బుచ్, ఎస్.కె. మిశ్రా మాట్లాడి ఒప్పందము వ్రాసికొనిరి. మే 3న తాడ్‌మెట్ల వద్ద ఆయనను మధ్యవర్తులకు అప్పగించిరి.

తన కన్నులయెదుట తనవారినిద్దరిని చంపినవారి చేతినుండి ఊపిరి మందును తీసికొని పీల్చుకొను మనిషి మనస్సును ఏ సిండ్రోమ్ పేరుతో పిలిచెదము? అట్టివానికి కృతజ్ఞత కంటె పెద్దదియగు బరువొకటి యుండును: వారు పోయిరి, నేనుంటిని. నా పేరునకు వెల కట్టి ప్రభుత్వములు బేరమాడినవి, వారి పేరునకు బేరము లేదు. విడుదలైన అధికారులు విలేఖరులయెదుట ఒకటి రెండు వాక్యములకు మించి పలుకకుండుటకు ప్రభుత్వపు కట్టడి యొక్కటే కారణమని నేననుకొనను. ఏ మాట యన్నను చచ్చినవారికో, బ్రతికినవారికో, అడవిలో మిగిలిన పల్లెవారికో తగులును.

ఇంతకంటె మనకు దగ్గరగ జరిగినది 2021 ఏప్రిల్‌లోనిది. చర్ల కావల సుక్మా, బీజాపూర్ జిల్లాల సరిహద్దున 3వ తేదీన జరిగిన పోరులో 22 మంది జవాన్లు మరణించిరి, సి.ఆర్.పి.ఎఫ్. కోబ్రా దళమునకు చెందిన రాకేశ్వర్ సింగ్ మన్‌హాస్ అను జవాను పట్టుబడెను. 8వ తేదీన, తొంబదేండ్లు దాటిన పద్మశ్రీ ధరంపాల్ సైనీయు, గోండు సమాజపు పెద్దలును, విలేఖరులును మధ్యవర్తులుగ పోగా, పరిసరగ్రామములవారిని పిలిచి కూర్చుండబెట్టి, సభలో వదలిపెట్టిరి. ఆ దృశ్యపు వీడియోను దేశమంతయు చూచెను. జవాను చేతులు త్రాటితో కట్టి నిలువబెట్టిరి. ఇద్దరు వచ్చి ముడి విప్పిరి. త్రాడు ఒక్కపట్టున రాక మెలికలు పడినది. ఆ మెలికలు విప్పునంత సేపును ఆ యువకుడు దృష్టిని ఎవ్వరిమీదను నిలుపక ఎదురుగ చూచుచుండెను. వీడియో చూచిన వైద్యులు ఆ జవాను ముఖమునుగూర్చి వ్యాఖ్యానించిరేమో కాని, నాకు మాత్రము ఆ సభలో నేలపై కూర్చున్నవారి ముఖములమీదనే చూపు నిలిచిపోయినది. వారు వందలకొలది యున్నారు. రమ్మనగ వచ్చిరి. చప్పట్లు కొట్టుమన్నచో కొట్టుదురు. సాయంత్రమునకు ఇంటికి పోవుదురు. రేపు ఆ బాటనే కూంబింగునకు పోలీసు పార్టీ వచ్చి, నిన్నటి సభకు ఎవరెవరు పోయిరని అడుగును. పోయినందుకు వీరికి దెబ్బలు, పోకున్నచో దళమువారికి కోపము. ఇన్ఫార్మరను మాటకు ఏజెన్సీలో ఎంత వెలయో ఇచటివారికి నేను చెప్పనక్కరలేదు.

ఇట్టి బందీతనమునకు 6 దినములు, 12 దినములు అని లెక్కలేదు. 2005లో దంతెవాడలో సల్వాజుడుం మొదలైన పిమ్మట ఊళ్ళకూళ్ళు విడిచి ఇటు దాటి వచ్చి, చర్లలోను, కరకగూడెములోను, మన పినపాక అడవుల యంచులలోను పాకలు వేసికొనిన గుత్తికోయలను తలచుకొనుడు. జుడుంవారు కాంపునకు రమ్మనిరి, అన్నలు కాంపునకు పోవద్దనిరి. రెండు మాటలును తుపాకితోడనే చెప్పిరి. ఇచటికి వచ్చినచో అటవీశాఖవారు పోడు చేయరాదనిరి. బందీ మనస్సునకు శాస్త్రజ్ఞులు చెప్పిన గుర్తులన్నియు, ఎదుటివాని ముఖము చదువుట, అడిగినదానికి అడిగినవాడు కోరు సమాధానమే చెప్పుట, చిన్న దయను పెద్దగా లెక్కించుట, కాపాడవలసినవానినే ఎక్కువగ అనుమానించుట, ఇవియన్నియు ఆ గూడెములలో పెద్దలకే కాదు, పసిపిల్లలకును అలవడినవి. పోలీసువారిట్లడుగుదురు: వీరెందుకు మాకు నిజము చెప్పరు? దళమువారును అదే యడుగుదురు. అడవిలో పది దినములున్న అధికారి మెత్తగ మాట్లాడినచో రోగమని గుర్తించు మన విద్వాంసులు, ఇరువదేండ్లు ఇరువైపులా మెత్తగ మాట్లాడి బ్రతికిన గూడెమును చూచి, వీరికి రెండు నాలుకలనిరి. ఆ మాటనే నేను అధికారుల నోటను, నాయకుల నోటను, కొందరు మేధావుల నోటను విన్నాను.

సుక్మా ఒప్పందములో మంచియని నేను లెక్కించునది యొకటి కలదు. విచారణ ఖైదీలుగ ఏండ్ల తరబడి జైళ్ళలో పడియున్న ఆదివాసుల కేసులను తిరిగి చూచుటకు నిర్మలా బుచ్ అధ్యక్షతన సంఘమును వేయుదుమని ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వము ఒప్పుకొనెను, వేసెను. ఒక్క కలెక్టరు చెరపడిన పిదప గాని, అంతమంది చెరలో నున్నారను స్పృహ రాజ్యమునకు కలుగలేదు. రావలసినవాడు ఎవరికొరకు వచ్చును, ఎంతలో వచ్చును అనుటయే ఇచట అసలు ప్రశ్న. కలెక్టరు కొరకు రాజధానులు కదలినవి. ఊచల వెనుకనున్న కోయవానికొరకు రావలసినది ఒక వకీలు, వాని భాష వచ్చిన దుబాసి. ఆ ఇద్దరును ఏండ్లకొలది రాలేదు. అట్టివాని మనస్సులో రాజ్యముపై విముఖత కలదని తేల్చుటకు మనోవైద్యుడు కావలెనా?

ఈ సభలో మణుగూరు, భద్రాచలము కళాశాలలనుండి వచ్చిన విద్యార్థులున్నారు; మనస్తత్వశాస్త్రము చదువువారును కొందరున్నారని నిర్వాహకులు చెప్పిరి. వారికి నాదొక మనవి. ఈ ఉపన్యాసనిధి వడ్డీలో కొంత మిగులుచున్నదని, దానినెట్లు వెచ్చింపవలెనో చెప్పుమని ఈ ఉపన్యాసమును నెలకొల్పిన కుటుంబమువారు నన్నడిగియున్నారు. గూడెములలో కొన్నినెలలుండి, కోయలో మాట్లాడగలవారు, ఆ రెండు దశాబ్దములలో ఏమి జరిగినదో స్త్రీలను, పిల్లలను, వడ్డెలను, పటేళ్ళను అడిగి వ్రాసిపెట్టుటకు దానిని వాడవచ్చునని నా సలహా. పేర్లు వ్రాయవలదు, ఊరు గుర్తుపట్టునట్లు వ్రాయవలదు. వ్రాసినదానిని ఏ ఠాణాకును, ఏ దళమునకును చూపవలదు. నోటు పుస్తకము తెరచుటకు ముందు కొన్నిదినములు ఊరకయే కూర్చుండుడు, ఇప్పపూలు ఏరుటకు వెంట పొండు, తునికాకు కట్టలు కట్టుడు. మీరెవరి పక్షమని మాత్రము అడుగవద్దు. ఆ ప్రశ్నకు సమాధానము వారికి కంఠస్థము, అడిగినవాని దుస్తులను బట్టి అది మారును. దానికి బదులు, ఆ రాత్రులలో పిల్లలను ఎక్కడ పడుకోబెట్టితిరని అడుగుడు.